ఓడ యజమానికి మాటల్లేవు

ఈ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ పుల్లమ్మ, నానమ్మ కన్నమ్మ, మా చిన్నాన్న కూతురు భవాని, నేను. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు, చర్చి జాషువా అయ్యగారు, ఊరి పెద్ద ముద్దయ్య తాత. మొత్తం ఏడుగురు. రెండుసార్లు లెక్కపెట్టాను. ఎందుకంటే బుధవారం తెల్లవారుజామున నాన్న పడవ తీసిన సంగతి ఎవరో బయటపెట్టారు, ఆ ఎవరో ఈ ఏడుగురిలోనే ఉన్నారు.

భవాని, నేను లోపలి గదిలో చాట పెట్టుకుని బియ్యం ఏరుతున్నాం, ఇక్కడి నుంచి ముందు గది సగం కనిపిస్తుంది, అయ్యగారి తెల్ల చొక్కా, నాన్న మోకాళ్ళు, ముద్దయ్య తాత కర్ర, మూడు టీ గ్లాసులు. అయ్యగారి గ్లాసు ఖాళీ. నాన్నది సగం. ముద్దయ్య తాతది అట్లాగే ఉంది, పైన మీగడ కట్టింది, తప్పు తీరేదాకా తప్పు చేసినవాళ్ళ ఇంట్లో ఆయన నీళ్ళు కూడా ముట్టడు, ఆ సంగతి అమ్మకు తెలుసు, తెలిసి కూడా గ్లాసు పెట్టింది, ఎందుకు పెట్టింది, తాగితే బాగుండునని పెట్టిందా, తాగడని అయ్యగారికి చూపించడానికి పెట్టిందా, అమ్మ ముఖం చూస్తే ఏమీ తెలియదు, పొయ్యి దగ్గర కూర్చుని ఒకే గిన్నెను తోముతోంది, ఇందాకటి నుంచి అదే గిన్నె.

పడవ రేవులో బోర్లా పడి ఉంది. నిన్న నలుగురు మనుషులు ఒడ్డు మీదికి లాగి తిప్పేశారు. వచ్చే ఏడాది వరద వచ్చి పోయేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, అది ముద్దయ్య తాత వేసిన శిక్ష. మా ఊళ్ళో పెద్ద వరద తీసిన తర్వాత ఊరంతా రేవుకు పోయి గంగమ్మకు కోడిని మొక్కి, ఊరి పెద్ద చేత మొదటి పడవను నీళ్ళలోకి తోయిస్తారు, అంతవరకు ఎంత పని ఉన్నా ఏ పడవా కదలదు. ఈసారి మొక్కు శుక్రవారం పెట్టారు. నాన్న బుధవారమే పడవ తీశాడు. గురువారం సాయంత్రం గోదావరి మళ్ళీ పెరిగింది, పొలాల్లోకి వచ్చింది, మూడు ఇళ్ళవాళ్ళ మిరప నారు మొత్తం కొట్టుకుపోయింది, ఆ మూడు ఇళ్ళలో ఒకటి భవాని వాళ్ళది. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తారని రేడియోలో చెప్పారు, నేను విన్నాను. కానీ భవాని వాళ్ళమ్మ బురదలో నిలబడి ఒక్కొక్క మొక్కనూ చేత్తో లేపి చూస్తుంటే గేట్ల సంగతి చెప్పాలనిపించలేదు.

అందుకే భవాని మీద అనుమానం. నేను రోజూ రాసుకునే పుస్తకానికి ఎర్ర దారం చుట్టి, పాత బట్టల తట్టలో అడుగున పెడతాను, దారం ముడి ఎప్పుడూ ఎడమవైపు వేస్తాను, శుక్రవారం బడి నుంచి వచ్చి చూస్తే ముడి కుడివైపు ఉంది. అందులో బుధవారం పేజీలో మొత్తం రాశాను. పొగమంచు రాశాను, ఇంజన్ వేస్తే చప్పుడవుతుందని నాన్న గెడతోనే నడిపాడని రాశాను, నేను ముందు కూర్చుని టార్చి పట్టుకున్నానని, అవతలి ఒడ్డున వ్యాను దగ్గర మైకు పెట్టెలు, ఖమ్మం నుంచి వచ్చిన ప్రసంగీకుడు తెల్ల బూట్లు చేత్తో పట్టుకుని పడవెక్కి "బాబూ ఇది మునగదు గదా" అని నాలుగుసార్లు అడిగాడని, అన్నీ రాశాను. మంగళవారం సాయంత్రం అయ్యగారు మా ఇంటికి వచ్చి చెప్పిన మాట కూడా రాశాను. వంతెన మీద నుంచి తిరిగి వచ్చే రోడ్డు తెగింది షాలేమ్, శుక్రవారం దాకా ఆగితే సువార్త సభలు ఆగిపోతాయి, ఇట్లాంటివి మనకు వర్తించవు గదా, అన్నారు. నాన్న అవునయ్యగారూ అన్నాడు, బడిలో నేను అర్థం కాకుండానే అర్థమైంది సార్ అన్నట్టు. మా ఇంట్లో తిరిగేవాళ్ళలో ఆ పేజీ చదవగలిగింది ఎవరు, నానమ్మకు చదువు రాదు, అమ్మ కీర్తనల పుస్తకం తప్ప చదవదు, భవానికి వచ్చు, భవాని నా కన్నా వేగంగా చదువుతుంది, సారు చదవమంటే ఆగకుండా చదువుతుంది.

"ఏందే గట్ల చూస్తున్నవ్?" అంది భవాని, చాట మీద నుంచి తల ఎత్తకుండా.

"ఏం లేదు."

"రాయి ఏరుమంటే నా మొఖం ఏరుతున్నవ్."

ముందు గదిలో అయ్యగారు గొంతు సవరించుకున్నారు. అయ్యగారిది సత్తుపల్లి వైపు, కోపం వచ్చినా అండీ అనే అంటారు. "చూడండి పెద్దాయనా, షాలేమ్‌రాజు మా సంఘ సభ్యుడండీ. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్ళయింది. మీ కట్టుబాట్లు మీవాళ్ళకు. మా మనిషిని శిక్షించే అధికారం మీకెక్కడిదండీ?"

"షాలేం ఎవ్వడు?" అన్నాడు ముద్దయ్య తాత. "నేనైతే మా బొజ్జయ్య ఇంటికొచ్చిన."

"ఇద్దరూ ఒకడే గదండీ."

"గట్లనా. మరి సగం మీరు తీస్కపోండ్రి, సగం మాకిడ్సిపెట్టుండ్రి. నడుమల పుల్లమ్మకేం మిగుల్తదో ఆమెనే అడుగుండ్రి."

నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మ గిన్నె తోమడం ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. నాన్న మోకాళ్ళు కదల్లేదు. ఈ మాటలు ఎక్కడో విన్నాను, కాదు, చదివాను, రామ్‌చందర్ సారు సోషల్ క్లాసులో ఇచ్చిన రెండు పేజీల కాగితంలో, రేపు సోమవారం దాన్ని మేము క్లాసులో నాటకంగా చేసి చూపించాలి. వందేళ్ళ పైమాట అట, చీనా దేశపు రేవు ఒకటి, అందులో ఒక ఓడ యజమాని, ఆ దేశంలోనే పుట్టినవాడు, కానీ తన ఓడ మీద తెల్లదొరల జెండా ఎగరేసుకునేవాడు, దొరల కాగితం కూడా ఉంది, దాని గడువు అయిపోయింది. ఏదో ఆజ్ఞ మీరాడని ఆ ఊరి అధికారి అతన్ని పట్టుకుని వీధిలో బెత్తంతో కొట్టించాడు. వెంటనే దొరల ప్రతినిధి ఉత్తరం రాశాడు, మా జెండా కింద ఉన్న మనిషిని ముట్టుకోవడానికి నీకేం హక్కు అని. అధికారి జవాబు రాశాడు, వాడు నా గడ్డ మీద పుట్టాడు, వాణ్ణి కొట్టినా విడిచినా నా ఇష్టం అని. ఉత్తరం మీద ఉత్తరం, మొత్తం పదిహేడు ఉత్తరాలు, ఆఖరికి ఫిరంగుల ఓడ ఒకటి వచ్చి రేవు ముందు నిలబడింది. ఏ ఆజ్ఞ మీరాడో కాగితంలో లేదు. దెబ్బలు మానాయో లేదో లేదు. చివరి పేరాలో అధికారికి వేరే ఊరు బదిలీ, ప్రతినిధికి పెద్ద పదవి, ఓడ యజమాని ఏమయ్యాడో వెతికితే ఎక్కడా లేడు, పేరు కూడా లేదు, మొదటి నుంచి చివరిదాకా ఓడ యజమాని, ఓడ యజమాని, అంతే.

అధికారి వేషం పవన్‌కు, దొరల ప్రతినిధి వేషం భవానికి, నాకు ఓడ యజమాని. నువ్వు సిగ్గుపడతావు గదా మహిమా, దీనికి మాటల్లేవు, మధ్యలో నిలబడితే చాలు అన్నారు సారు. నాకు సంతోషమైంది. అప్పుడు సంతోషమైంది. భవాని మాత్రం వారం రోజులుగా బావి దగ్గర, బస్టాపులో, ఎక్కడ పడితే అక్కడ చెయ్యి చాపి అంటోంది, మా జెండా కిందోన్ని ముట్టుకుంటే ఫిరంగులొస్తయ్! నిన్న పడవను బోర్లిస్తున్నప్పుడు మాత్రం ఆ మాట అనలేదు. నా పక్కనే నిలబడి చూసింది, నేను ఆమెను చూశాను, ఏడుస్తోందేమోనని కాదు, నవ్వుతోందేమోనని చూశాను. నాన్న కూడా ఆ నలుగురితో కలిసి పడవకు భుజం పెట్టాడు. తన పడవను తానే తిప్పాడు. ఎంత భయపెడితే ఆ పని చేస్తాడు అనుకున్నాను. అయ్యగారు కూడా ఇప్పుడు అదే అంటున్నారు, బలవంతంగా చేయించారండీ, నేను స్టేషన్లో కాగితం పెట్టగలను, భద్రాచలంలో ఆఫీసుకు పోగలను, అక్కడ నాకు తెలిసినవాళ్ళున్నారు.

"పెట్టుండ్రి," అన్నాడు ముద్దయ్య తాత. "గానీ ఒకటి. మీరు కాయితం పెట్టిన్నాడు వాడు మా గట్టులకెళ్ళి పోయినట్టే. ఇగ వానింట్ల చావైనా పెండ్లయినా మా ఇంటి మనిషి రాడు. వాని తమ్ముడు రాడు. మీరొస్తరా సత్తుపల్లికెళ్ళి, పాడె మొయ్యనీకి?"

గట్టు అంటే మా వంశం. నాన్నది అయిదో గట్టు, చిన్నాన్నదీ అదే, నానమ్మ ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే పేరు అడగదు, ఏ గట్టు అని అడుగుతుంది, అయ్యగారిని కూడా మొదటిసారి అట్లాగే అడిగింది, ఆయన అర్థం కాక గోదావరి గట్టు వైపు చెయ్యి చూపించారు. ఇప్పుడు నానమ్మ ముద్దయ్య తాత వైపు వంగి కోయ భాషలో ఏదో అంది, ఆయన అదే భాషలో జవాబిచ్చాడు, అయ్యగారి మెడ ఒక్కసారిగా బిగుసుకుంది. "ఏమంటున్నారండీ? మాట్లాడేదేదో తెలుగులో మాట్లాడండి." నాకు సగం తెలుసు. నీ మోకాలికి తైలం పనిచేసిందా అని నానమ్మ అడిగింది, కుక్కకు రాస్తే కుక్క కూడా కుంటుతోంది అని తాత అన్నాడు. అయ్యగారికి చెబితే నమ్మరు. ఇంతసేపూ నేను అందరినీ చూస్తున్నది ఇట్లాగేనేమో, తైలం మాటలో కూడా కుట్ర ఉందని. అయినా అనుమానం పోలేదు. నానమ్మకు చదువు రాదు సరే, కానీ బుధవారం పొద్దున తడిసిన నా లంగా దండెం మీద చూసి ఎందుకు తడిసిందని అడగలేదు. అడగకపోవడమే అనుమానం. అమ్మ అయితే గురువారం వరద పెరిగిన రాత్రి ప్రార్థన మధ్యలో ఆగిపోయింది, ఆమెన్ అనకుండానే లేచి పోయింది, ఎక్కడికి పోయింది, ఆ సమయానికి బయట ఎవరున్నారు.

"ఎవడో పుకారు పుట్టించాడండీ," అంటున్నారు అయ్యగారు. "ఆ మంచులో ఎవరు చూశారు? సాక్షి ఎవరో చెప్పండి. సాక్షి లేకుండా శిక్ష ఏంటండీ?"

చాటలో నా చెయ్యి ఆగింది. భవాని చెయ్యి ఆగుతుందేమో చూశాను. ఆగలేదు. టకటకా రాళ్ళు తీసి పారేస్తోంది.

ముద్దయ్య తాత కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "సాచ్చం ఎందుకయ్యా? మాకెవ్వలు జెప్పలే. వాడే వచ్చి చెప్పిండు. శుక్రారం తెల్లారకముందే నా వాకిట్ల కూసున్నడు. ఎంతసేపటికెళ్ళి కూసున్నడో, తువ్వాలంత మంచుకు తడిసింది. ఏందిరా అంటే, తాతా నేను నీళ్ళు ముట్టిన, నా తప్పు వెయ్యి అన్నడు. పడవ బోర్లియ్యమన్నది గూడ వాడే. నేనైతే ఒక కోడితోని పోనిచ్చెటోన్ని."

అమ్మ గిన్నెను కింద పెట్టింది.

నాన్నా? నాన్నను మాత్రం నేను లెక్కలో అనుమానించలేదు. ఏడుగురు అని రెండుసార్లు లెక్కపెట్టి ఆయన్ని వదిలేశాను, ఆయన మధ్యలో నిలబడే మనిషి అనుకున్నాను. బుధవారం పడవ తోసే ముందు ఆయన వంగి దోసిలితో నీళ్ళు తీసి కళ్ళకు అద్దుకున్నాడు, నిద్ర పోగొట్టుకోవడానికి ముఖం కడుక్కుంటున్నాడు అనుకున్నాను, అట్లాగే రాశాను, నాన్న ముఖం కడుక్కున్నాడు అని. తర్వాత టార్చి ఆపమన్నాడు కాసేపు, ఎందుకు నాన్నా అంటే చీకట్లో ఆమెకు మనం కనపడం అన్నాడు, ఆమె ఎవరు అని అడగలేదు నేను, అవతలి ఒడ్డున అమ్మగారు గిట్ల ఎవరైనా ఉన్నారేమో అనుకున్నాను, గంగమ్మ అని తట్టలేదు. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం ముందు వరుసలో చాప మీద కూర్చునే నాన్న, ఇవాళ పొద్దున కూడా కూర్చున్నాడు, కీర్తన పాడాడు, శుక్రవారం తెల్లవారకముందు ముద్దయ్య తాత వాకిట్లో ఇంకో నాన్న కూర్చున్నాడు, మరి ఏ నాన్నను నమ్మాలి, ఇద్దరిలో ఒకరు నటిస్తున్నారా, లేక ఇద్దరూ నిజమేనా, నిజమైతే రెండు చోట్లా ఒకే మనిషి ఎట్లా పడతాడు. మిరప నారు కొట్టుకుపోయింది తన వల్లే అనుకుంటున్నాడా. గేట్ల సంగతి ఆయన కూడా రేడియోలో విన్నాడు, నా పక్కనే కూర్చుని విన్నాడు.

"భవానీ," అన్నాను గుసగుసగా, "నా పుస్తకం ముడి..."

"నానమ్మ విప్పింది. తట్ట చెమ్మగిల్లి బట్టలన్ని వాసనొస్తుంటే ఎండకేసింది, నీ బుక్కు గూడ ఏసింది. ముడి నేనేసిన. ఏ, నేను చదివిననుకున్నవా?" నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయింది. చాటను నా వైపు నెట్టింది. "మూడు దినాలకెళ్ళి గట్ల చూస్తున్నవంటే గిందుకా. థూ. మా నారు పోయింది, మా నాయిన మీ నాయిన్ని ఒక్క మాటనలే. నువ్వేమో నన్ను దొంగను జేసినవ్."

ఆమె వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది. వీపు కనిపిస్తోంది. పిలవాలి, పిలిస్తే ముందు గదిలోకి వినిపిస్తుంది, నా గొంతు ఎప్పుడూ అంతే, గుసగుస లేకపోతే ఏమీ లేదు, మధ్యలో ఉండే మాట రాదు. చాటలో రాళ్ళు, బియ్యం కలిసిపోయాయి.

అయ్యగారు కుర్చీ ముందుకు జరిపారు. గొంతు మారింది, ఆదివారం ప్రసంగం చివర్లో వచ్చే మెత్తటి గొంతు. "షాలేమ్. భయపడి అట్లా చేశావు. ఫరవాలేదు. ఇప్పుడు నా ముందు ఒక్క మాట చెప్పు, వీళ్ళ శిక్ష నాకు చెల్లదు అని. మిగతాది నేను చూసుకుంటాను." నాన్న తల ఎత్తలేదు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఇంతసేపటిలో ఆయన షాలేమ్ విశ్వాసంతో వెళ్ళాడు అన్నారు, సంఘం పని మీద వెళ్ళాడు అన్నారు, నేను పంపాను అని ఒక్కసారి కూడా అనలేదు. స్టేషన్, ఆఫీసు, అధికారం, అన్నీ వచ్చాయి, మంగళవారం సాయంత్రం మాత్రం రాలేదు. అంటే నాన్నను విడిపించడానికి వచ్చారా, నాన్న ఏం చెబుతాడో చూసుకోవడానికి వచ్చారా. ఊళ్ళోవాళ్ళ పుండ్లకు మందు రాసిన చెయ్యే అది, మొన్నటి వరదలో నానమ్మను ఎత్తుకుని బడిలోకి తెచ్చిన చెయ్యే, ఆ చెయ్యి ఇప్పుడు తుడిచిన కళ్ళద్దాలనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

ముద్దయ్య తాత కూడా ఆ చెయ్యినే చూస్తున్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"బొజ్జా. ఒక్కటే అడుగుత. గంత పొద్దుగాల మంచుల నీ సొంత పనైతే ఉండదు. నిన్నెవరన్న పంపిండ్రా? పంపినోడుంటే తప్పు పంపినోనిది. ఆయన్నే రేవుల నిలబెట్టి కోడి కోపిస్త, నీ పడవ రేపే తిప్పుకో. చెప్పు. ఎవరు పంపిండ్రు?"

రేపే. ఏడాది కాదు, రేపే. అమ్మ లేచి నిలబడింది. ఏడాదంతా పడవ లేకపోతే నాన్న మిరప తోటల్లో కూలికి పోవాలి, ఆ నాలుగు పడవ పలకలు తప్ప మాకు ఇంకేమీ లేవు, అమ్మకు తెలుసు, నాకు తెలుసు, నాన్నకు అందరికన్నా ఎక్కువ తెలుసు. ఒక్క పేరు. అయ్యగారు నాన్నను చూస్తున్నారు, రెప్ప వేయడం లేదు. ముద్దయ్య తాత నాన్నను చూస్తున్నాడు. నానమ్మ నేలను చూస్తోంది.

"ఎవ్వలు పంపలే తాతా," అన్నాడు నాన్న. "నేనే పోయిన."

అయ్యగారి భుజాలు దిగాయి. నేను చూశాను. గాలి వదిలినట్టు దిగాయి, వెంటనే ఆయన కళ్ళు మూసుకున్నారు, ప్రార్థనో, సిగ్గో, ఏదో తెలియదు, తెలుసుకునే ఓపిక కూడా లేదు నాకు. నాన్న ఎందుకు దాచాడు, ఆయన్ని కాపాడటానికా, లేక ఈ తప్పులో ఎవరికీ భాగం ఇవ్వడం ఇష్టం లేకనా, ఆ ఏడాది మొత్తం తనకే కావాలా, మరి మా ఏడాది, అమ్మ ఏడాది, అడిగాడా మమ్మల్ని. కాళ్ళు లేచాయి. చాట బోర్లా పడి బియ్యం నేల మీద చెదిరిన చప్పుడు వినిపించింది, భవాని వెనక్కి తిరిగింది, నేను గడప మీద ఉన్నాను, ఇంతమంది ముందు నేను ఎప్పుడూ నిలబడలేదు.

"తాతా," అన్నాను. గుసగుస కాదు, గట్టిగానే వచ్చింది. "మంగళారం సాయంత్రం మా ఇంటికి..."

నాన్న తల ఎత్తాడు. మూడు రోజుల్లో మొదటిసారి నన్ను చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో, బతిమాలడం ఉంది, అది కోపం కన్నా కష్టంగా ఉంది. లేచి రెండు అడుగుల్లో నా దగ్గరికి వచ్చాడు, నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా వెనక్కి, లోపలికి నెట్టాడు. "వద్దు బిడ్డా," అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు, నా గుసగుస గొంతులో అన్నాడు. తర్వాత తలుపు వేశాడు. నేను రెండు చేతులతో నెట్టాను, అప్పటికే బయటి గడియ పడింది.